దుంగదోనె పూర్వచరిత్ర

వినోదవనములలో ‘లాగ్ ఫ్లూమ్’ అను నొక నీటి సవారి కలదు. దుంగను తొలిచి చేసినట్లు కానవచ్చు దోనెలో నలుగురైదుగురు ఒకరి వెనుక నొకరు కూర్చుండగా, అది సన్నని కాలువలో మెల్లగా తేలిపోయి, మేడయెత్తునకు ప్రాకి, ఒక్క పెట్టున ఏటవాలుగా దూకి, ఒడ్డున నిలిచి నవ్వువారిని సైతము తడుపుచు మడుగులో పడును. ఆ దోనె ఫైబర్‌గ్లాసుతో పోతపోసినది. అందు కొయ్య యన్నది పేరునకైనను లేదు. అయినను అది దుంగవేషమునే యేల ధరించెనని విచారించినచో, కథ అమెరికా దేశపు నెవాడా కొండలలోని వెండిగనుల యొద్దకు పోవును.

1859వ సంవత్సరమున అచ్చట బయల్పడిన కామ్‌స్టాక్ వెండిపొర మిక్కిలి విశాలమైనది, అంతకు మించి మెత్తనిది. త్రవ్విన కొలది పైకప్పు విరిగి పనివారిపై పడుచుండెడిది. 1860లో డైడెషైమర్ అను ఇంజనీరు దూలములను పెట్టెలవలె కూర్చి, ఒక దానిపై నొకటి పేర్చి గనిగర్భమును నిలువరించు ఉపాయమును కనిపెట్టిన పిమ్మట, భూమిలోనికి అడవులే దిగిపోవ నారంభించెను. కొండలపై నున్న కలపను క్రిందికి తెచ్చుట యెట్లు? మన గోదావరివలె నిండుగా ప్రవహించు నదియున్నచో దుంగలను తెప్పలు కట్టి రాజమహేంద్రవరమునకు చేర్చినట్లు చేర్చవచ్చును. అచ్చట నున్నవి సన్నని కొండవాగులు మాత్రమే. కావున పలకలతో కాలువలు కట్టి, కొయ్యకాళ్లపై నిలిపి, లోయలను దాటించిరి.

తొలుత కట్టిన చదరపు కాలువలలో దుంగలు అడ్డుపడి పేరుకొనుచుండెను. రెండు పలకలను ‘వి’ అక్షరమువలె కూర్చిన తోడనే చిక్కు విడిపోయినది: దుంగ యెచ్చటనైన తట్టుకొన్నచో వెనుక నీరు ప్రోగై, మట్టము పెరిగి, ఆ నీరే దుంగను పైకెత్తి ముందునకు త్రోయును. అడ్డమే అడ్డమును తొలగించు ఇట్టి సులువైన యుక్తి యంత్రశాస్త్రమున అరుదుగా కానవచ్చును. తెలుగున పడవకును, నీరు పారు తొట్టికిని ‘దోనె’ యన్న యొక్క పేరే చెల్లుచుండుట ఇచ్చట నాకు స్ఫురించుచున్నది. ఆ కాలువలో రెండును ఒకే యాకృతి దాల్చినవి గదా.

1875లో, గనులవలన కోటీశ్వరులైన జేమ్స్ ఫెయిర్, జేమ్స్ ఫ్లడ్ అనువారు తమ పదునైదు మైళ్ల కాలువను చూపుటకు న్యూయార్క్ ట్రిబ్యూన్ విలేఖరి రామ్స్‌డెల్‌ను వెంటబెట్టుకొని పోయిరి. అందరును అందులో దిగివత్తమను దుస్సాహసము వారికి పుట్టెను. వారికి దొరికిన పడవలు పదునారడుగుల పొడవున పలకలు కూర్చిన తొట్లు మాత్రమే. నీరు తన్ని ముందుకు త్రోయుటకై వెనుకవైపు మూసి, ముందువైపు తెరచి యుంచిరి. అనుభవము కలవాడు ఒకడైన నుండవలెనని ఒక వడ్రంగిని సైతము మొదటి దోనెలో నెక్కించిరి. త్రోవలో అది దేనికో తగులగా ఆ వడ్రంగి యెగిరి కాలువలో పడెను. ఫెయిర్ మెడపట్టి లాగి అతనిని రక్షించెను. వెనుక దోనె వచ్చి ముందు దోనెను గ్రుద్దుకొనెను. ముప్పదియైదు నిమిషములలో వారు మైదానమును చేరిరి. రామ్స్‌డెల్ రచన చదివినవారికి, ఈ సవారి యానందమెట్టిదో అతడే మొదట చెప్పినట్లు తోచును. ఆ ప్రయాణమున నున్నవారు మాత్రము మరల ఎక్కుటకు సమ్మతింపలేదు.

ఏటవాలునుండి పడవను చెరువులోనికి విడుచు వేడుక తదుపరి దశాబ్దములలోనే ప్రారంభమై, 1895లో పాల్ బాయ్‌టన్ కోనీ ఐలండ్ యందు నెలకొల్పిన వనమువలన ప్రసిద్ధి కెక్కినది. కాని కొయ్యకాలువ వలెనే మలుపులు తిరుగుచు పారు కాలువను వినోదమునకై కట్టినది కాలిఫోర్నియాకు చెందిన యారో డెవలప్‌మెంట్ సంస్థ. 1963లో టెక్సాసు రాష్ట్రమున ఆర్లింగ్టన్ పట్టణపు ‘సిక్స్ ఫ్లాగ్స్’ వనమున వారు నిర్మించిన ఆ సవారికి ‘ఎల్ అసెరాడెరో’ యని పేరు. స్పానిషున దానికి రంపపు మిల్లు అని యర్థము. అది యున్నది ఆ వనపు స్పానిషు భాగమున కావున ఆ భాష. కొండమీదినుండి తనంతట దిగి కలపను మోసిన నీటిని ఇచ్చట పంపులు మీదికి తోడవలెను, దోనెను పట్టీ ఎత్తవలెను, అదంతయు క్రిందికి పడుటకొరకే. అడుగున చేరిన దోనెను ఆపునది బ్రేకు కంటె ఎక్కువగా ఎదురు నీరే. మనకు తడియను కానుక నిచ్చు ఆ యల నిజమునకు వేగనిరోధకము.

1969లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫారమున బడ్ హర్ల్‌బట్ కట్టిన దుంగసవారిని నటుడు జాన్ వేన్ ప్రారంభించెను. 1989లో డిస్నీలాండు ‘స్ప్లాష్ మౌంటెన్’ అను దుంగసవారిని తెరచి 2023లో మూసి, మరుసటి యేట టియానా అను కథానాయిక పేర నింకొక కథతో తెరచెను. కథ మారినది కాని దుంగ అట్లే యున్నది.

ఈ నడుమ నిజమైన కొయ్యకాలువలు ఒక్కొక్కటిగా మూతపడినవి. వాషింగ్టన్ రాష్ట్రమున కొలంబియా నదీతీరపు తొమ్మిది మైళ్ల బ్రౌటన్ కాలువ మాత్రము 1986 వరకు కోసిన కలపను మోసినది. అనగా నాట్స్ వనమున ఫైబర్‌గ్లాసు దుంగలు బాలబాలికలను తడుపుచు పదునేడు సంవత్సరములు గడచినంత కాలము, అదే పడమటి తీరమున ఎవ్వరును టిక్కెట్టు కొనని యసలైన కాలువ యొకటి పలకలను మిల్లునకు తెచ్చుచునే యుండెను.