పళ్ళెంలో దాచిన వెండితెర

దోసెల పెనమంత వెడల్పు, అద్దంలాంటి మెరుపు, చేత్తో పట్టుకుంటే కాస్త బరువు. పాత సామాన్లు అమ్మే చోట ఇలాంటి పళ్ళెం మీ కంటపడితే "ఇంత పెద్ద సీడీ కూడా ఉంటుందా?" అని ఆశ్చర్యపోతారు. అది సీడీ కాదు, సీడీకి అక్క. దాని పేరు లేజర్ డిస్కు. 1978లో అమెరికా బజారులోకి వచ్చింది. మన దేశంలో ఇళ్ళలోకి ముందు వీడియో క్యాసెట్టు, ఆ తర్వాత వీసీడీ వచ్చాయి గాని, ఈ పళ్ళెం పెద్దగా రాలేదు. అందుకే దీని పేరు మనలో చాలామందికి తెలియదు. అయితే పాత సినిమాలను, పాత కార్టూన్లను పుస్తకాల్లా కొని, వరుసగా పేర్చి దాచుకునే అలవాటు బలపడింది మాత్రం దీనితోనే.

సినిమాలు దాచుకోవడంలో గొప్పేముంది, అది కాలక్షేపమే కదా అనవచ్చు. దీనికి జవాబు కావాలంటే ముందుగా సినిమా ఎలా నశిస్తుందో తెలుసుకోవాలి.

మండే ఫిల్ము

సినిమా పుట్టిన నాటినుంచి 1950ల తొలినాళ్ళ దాకా వాడిన ఫిల్ములో చాలా భాగం సెల్యులోజ్ నైట్రేట్‌తో తయారైంది. తుపాకీ మందుకు ఇది దగ్గరి చుట్టం. మండటానికి కావలసిన ఆక్సిజన్ దీని అణువుల్లోనే ఉంటుంది. అందువల్ల ఒకసారి అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. అంటుకోకపోయినా ఊరుకోదు. ఏళ్ళ తరబడి మెల్లగా విచ్ఛిన్నమై, వాయువులు విడుదల చేసి, జిగురుగా మారి, చివరికి పొడి అయిపోతుంది. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీ అనే ఊళ్ళో ఫాక్స్ కంపెనీ గిడ్డంగి తగలబడి, ఆ సంస్థ 1932కు ముందు తీసిన చిత్రాల్లో అధికభాగం బూడిదైపోయింది.

నిప్పు ఒక్కటే శత్రువు కాదు. మాటలు వచ్చాక మూకీలను చూసేవాళ్ళు లేకపోయారు. ఫిల్ముపై ఉన్న వెండికి మాత్రం ధర ఉంది. వెండి కోసం ఎన్నో ప్రతులను కరిగించారు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1912 నుంచి 1929 వరకు ఆ దేశంలో వచ్చిన దాదాపు 11,000 పూర్తినిడివి మూకీల్లో తొలి విడుదలనాటి ఫిల్ము రూపంలో సంపూర్ణంగా మిగిలినవి సుమారు 14 శాతమే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వీటిలో చాలా సినిమాలు పోవడానికి కారణం పగ కాదు, నిర్లక్ష్యం. మళ్ళీ ఎవరూ డబ్బు పెట్టి చూడరని యజమానులు అనుకోవడమే.

వెలుగుతో చదివే పళ్ళెం

బొమ్మను పళ్ళెంలో దాచాలన్న కోరిక చాలా పాతది. టెలివిజన్ మార్గదర్శకుల్లో ఒకడైన జాన్ లోగీ బెయిర్డ్ 1927, 1928 సంవత్సరాల్లోనే 30 గీతల బొమ్మను గ్రామఫోను రికార్డు మీద ముద్రించాడు. దాన్ని సరిగా తిరిగి చూపే సాధనం అప్పట్లో లేదు. దశాబ్దాల తర్వాత కంప్యూటర్ల సాయంతో ఆ రికార్డుల్లోని ముఖాలు మళ్ళీ కనిపించాయి.

లేజర్ డిస్కు వెడల్పు 30 సెంటీమీటర్లు. పారదర్శకమైన ప్లాస్టిక్ పొర వెనుక పలుచని అల్యూమినియం పూత, దానిలో కంటికి కనిపించని గుంటలు ఉంటాయి. లేజర్ కిరణం గుంట లేని చోట పడితే బలంగా పరావర్తనం చెందుతుంది. గుంట మీద పడితే బలహీనపడుతుంది. ఈ తేడానే యంత్రం బొమ్మగా, శబ్దంగా మారుస్తుంది. ముల్లు తాకదు కనుక అరుగుదల లేదు. సీడీలో గుంటలు 0, 1 అనే అంకెలను సూచిస్తాయి. లేజర్ డిస్కులో అలా కాదు. వీడియో సంకేతం మారుతున్నట్లే గుంటల పొడవు, వాటి మధ్య ఎడం మారుతూ పోతాయి. అంటే వెలుగుతో చదివినా, బొమ్మ మట్టుకు అది అంకెల పద్ధతి కాదు, అనలాగ్ పద్ధతి.

మంచి బొమ్మ ఉన్నా ఈ పళ్ళెం క్యాసెట్టు చేతిలో ఓడిపోయింది. క్యాసెట్టులో టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకోవచ్చు, డిస్కులో వీల్లేదు. పైగా గంటకో, అరగంటకో లేచి పళ్ళెం తిప్పి పెట్టాలి. ముల్లుతో చదివే మరో రకం వీడియో డిస్కును ఆర్‌సీఏ సంస్థ 1981లో తెచ్చింది. దాని ప్లేయర్ల తయారీని 1984లోనే ఆపేసింది. లేజర్ డిస్కు బతికింది గాని కొనేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమంది ఎవరు? బొమ్మ నాణ్యత కోసం ఎంతైనా ఖర్చుపెట్టే సినిమా ప్రేమికులు. అందరికీ అమ్ముడుపోని వస్తువు కాబట్టే అది పాత సినిమాల వైపు తిరిగింది.

సినిమా పుస్తకమైంది

లేజర్ డిస్కులో ఒక రకం ఉంది. అమెరికా పద్ధతిలో అది నిమిషానికి 1,800 సార్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు సరిగ్గా ఒక్కో బొమ్మ. ఒక వైపున 30 నిమిషాలు, అంటే 54,000 బొమ్మలు. ఆ చుట్లన్నీ సాగదీసి ఒకే గీతగా పరిస్తే పొడవు సుమారు 34 కిలోమీటర్లు! ప్రతి బొమ్మకూ పుస్తకంలో పేజీ అంకెలా ఒక సంఖ్య ఉంటుంది. సంఖ్య నొక్కితే ఆ బొమ్మ వస్తుంది, నిలబడుతుంది, వణకదు. క్యాసెట్టును ఒకచోట ఆపి ఉంచితే టేపు అరిగిపోతుంది. ఇక్కడ ఆ బాధ లేదు.

దీనివల్ల హాల్లో ఒకసారి చూసి మరచిపోయే సినిమా, పేజీలు తిప్పి చదువుకునే గ్రంథమైంది. 1984లో క్రైటీరియన్ సంస్థ 'సిటిజన్ కేన్', 'కింగ్ కాంగ్' చిత్రాలను లేజర్ డిస్కులుగా విడుదల చేసింది. డిస్కులో అదనపు శబ్దమార్గం ఖాళీగా ఉంది కదా అని, 'కింగ్ కాంగ్' నడుస్తుండగా ఆ చిత్రం ఎలా తీశారో చెప్పే వ్యాఖ్యానాన్ని అందులో పెట్టారు. చెప్పినవాడు చలనచిత్ర చరిత్రకారుడు రొనాల్డ్ హేవర్. ఈనాటి డిస్కుల్లో కనిపించే దర్శకుల వ్యాఖ్యానాలకు అదే నాంది. వెడల్పు తెర చిత్రాల అంచులు కోసి టీవీకి సరిపెట్టే అలవాటుకు బదులు, పైనా కిందా నల్లపట్టీలు వదిలి మొత్తం దృశ్యం చూపే పద్ధతి కూడా ఈ డిస్కులతోనే వ్యాపించింది.

పోయిన పేర్ల వేట

ఈ వసతి వల్ల ఎక్కువ లాభపడినవి కార్టూన్లు. ఏడు నిమిషాల కార్టూనులో, సెకనుకు 24 చొప్పున, 10,080 ఫ్రేములుంటాయి. పిల్లి గోడకు గుద్దుకునే క్షణంలో చిత్రకారుడు దాని ఒంటిని ఎంత సాగదీశాడో మామూలు వేగంలో కంటికి అందదు. ఒక్కొక్క బొమ్మే ముందుకు నడిపితే తెలుస్తుంది. యానిమేషన్ నేర్చుకునే విద్యార్థికి అది పాఠమే.

1930, 1940 దశకాల్లో కార్టూన్లు తీసింది సినిమా హాళ్ళ కోసం, పెద్దలకూ పిల్లలకూ కలిపి. తర్వాత అవి టీవీకి వెళ్ళి పిల్లల కార్యక్రమాలయ్యాయి. అక్కడక్కడా కత్తెర పడింది. అంతకన్నా విచిత్రమైన నష్టం మరొకటి ఉంది. వార్నర్ సంస్థ 1940ల దశకంలో తన పాత కార్టూన్లను 'బ్లూ రిబ్బన్' పేరుతో తిరిగి విడుదల చేసింది. అప్పుడు మొదట్లో ఉండే పేర్ల బొమ్మలు తీసేసి కొత్తవి అతికించారు. బొమ్మలు గీసినవారి పేరు, సంగీతం కూర్చినవారి పేరు చాలా వాటిలో తెర మీదనుంచి మాయమయ్యాయి. సేకరణకారులు దశాబ్దాలుగా వెతుకుతున్నది వీటినే. ఎక్కడో ఒక పాత ప్రతి దొరికి, నాలుగు పేర్లు మళ్ళీ వెలుగులోకి వస్తే వారికి పండగ.

ఇలాంటివారి కోసమే 1990ల దశకంలో 'ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ లూనీ ట్యూన్స్' లేజర్ డిస్కు సంపుటాలు వచ్చాయి. తర్వాత డీవీడీల కాలంలో 2001 నుంచి డిస్నీ సంస్థ, 2003 నుంచి వార్నర్ సంస్థ సంపుటాలు తెచ్చాయి. పాత కార్టూన్లలో నల్లవారిని, ఇతర జాతులను అవమానించే బొమ్మలూ ఉన్నాయి. వాటిని కోసేసి దాచడం కంటే, అది తప్పని ముందే చెప్పి ఉన్నదున్నట్లు చూపడం మేలని కొన్ని సంపుటాలు నిర్ణయించాయి. చరిత్ర విద్యార్థికి కావలసింది కూడా అదే.

మూలం కోసం అన్వేషణ

సంపుటం అమ్మాలంటే బొమ్మ బాగుండాలి. బొమ్మ బాగుండాలంటే గిడ్డంగుల్లో అసలు నెగెటివ్ వెతకాలి. ఇలా వ్యాపారం తెలిసో తెలియకో సంరక్షణకు తోడైంది.

ఈ విషయంలో రంగుల కార్టూన్లకు ఒక అదృష్టం కలిసివచ్చింది. టెక్నికలర్ పద్ధతిలో కార్టూన్ బొమ్మను ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా మూడుసార్లు, ఒకే నలుపు-తెలుపు ఫిల్ము మీద వరుసగా మూడు ఫ్రేముల్లో తీసేవారు. నెగెటివ్‌లో రంగే లేదు, ఉన్నది వెండి మాత్రమే. అందుచేత వెలిసిపోవడానికి ఏమీ లేదు. మూడు ఫ్రేములనూ కలిపితే నాటి రంగులు తిరిగి వస్తాయి. తర్వాత వచ్చిన, రసాయన రంగులు ఫిల్ములోనే ఉన్న చిత్రాలు ఎన్నో గులాబీరంగుకు తిరిగిపోయాయి. 1937నాటి 'స్నో వైట్' చిత్రాన్ని 1993లో మొత్తంగా కంప్యూటర్లోకి ఎక్కించి, మచ్చలు తుడిచి, మళ్ళీ ఫిల్ము మీదికి దించారు. ఆద్యంతం అలా బాగుచేసిన మొదటి చిత్రం అదే.

అయితే యంత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదు. దుమ్ము, గీతలు తుడిచే పరికరాలు కొన్ని డిస్కుల్లో కార్టూన్ పాత్రల సిరా గీతలనే గీరుళ్ళనుకొని చెరిపేశాయి. వేగంగా కదిలే చెయ్యి అంచు సగం మాయమైంది. ఆ పొరపాటును పట్టుకున్నది ఎవరు? బొమ్మ ఆపి, పాత డిస్కునూ కొత్త డిస్కునూ పక్కపక్కన పోల్చి చూసిన సేకరణకారులే.

పళ్ళేనికీ తెగులు

మరి డిస్కు శాశ్వతమా? కాదు. లేజర్ డిస్కు రెండు పలకలను జిగురుతో అంటించి చేసింది. జిగురు సరిగా లేకపోయినా, తేమ లోపలికి చేరినా అల్యూమినియం ఆక్సీకరణం చెందుతుంది. తెరమీద ముందు చుక్కలు చుక్కలుగా, తర్వాత మంచు కురిసినట్లుగా కనిపిస్తుంది. సేకరణకారులు దీన్ని 'లేజర్ తెగులు' అంటారు. డిస్కు బాగున్నా చదివే యంత్రం ఉండాలి. పయొనీర్ సంస్థ 2009లో లేజర్ డిస్కు ప్లేయర్ల తయారీకి స్వస్తి చెప్పింది.

కొన్ని చిత్రాల కొన్ని రూపాలు ఈ పాత డిస్కుల్లో తప్ప మరెక్కడా దొరకవు. అందుకని ఇప్పుడు కొందరు ఔత్సాహికులు ప్లేయరు లోపల లేజర్ చదివిన ముడి సంకేతాన్నే నేరుగా కంప్యూటర్లో నింపి, ప్రోగ్రాముల ద్వారా బొమ్మగా మారుస్తున్నారు. బెయిర్డ్ రికార్డులకు జరిగినదే వీటికీ జరుగుతోంది. సేకరణ అంటే బీరువా నింపడం కాదు, ఒక వాహకం చచ్చేలోగా మరో వాహకం మీదికి దాటించడం.

మన సంగతి

1931 మార్చిలో విడుదలైన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ఈనాడు చూడాలంటే దొరకదు. 1932 ఫిబ్రవరిలో వచ్చిన మన 'భక్త ప్రహ్లాద' కూడా అంతే. మన భాష తెరమీద మొదట ఎలా పలికిందో వినే అవకాశం మనకు లేదు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది 1964లో. ఆపాటికే ఎన్నో పోయాయి. 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో దాచిన నైట్రేట్ ఫిల్ములు మరిన్ని కాలిపోయాయి.

ఆశ లేకపోలేదు. సత్యజిత్ రాయ్ 'అపు' చిత్రత్రయం నెగెటివ్‌లు 1993లో లండన్‌లో ఒక ల్యాబొరేటరీలో మంటలకు గురయ్యాయి. మాడిన రీళ్ళను పారెయ్యకుండా అమెరికాలోని అకాడమీ భాండాగారం దాచి ఉంచింది. ఇరవై ఏళ్ళ తర్వాత, లేజర్ డిస్కులతో మొదలైన ఆ క్రైటీరియన్ సంస్థే వాటిని ఇటలీలోని బొలోన్యాకు పంపించింది. పెళుసెక్కిన ఫిల్ముకు తిరిగి మెత్తదనం తెచ్చి, అంచులు చేత్తో అతికి, 'పథేర్ పాంచాలీ'లో సుమారు 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా అసలు నెగెటివ్ నుంచే రాబట్టారు. మిగిలినది ఇతర ప్రతుల నుంచి పూరించారు. 2015లో లోకం ఆ చిత్రాలను మళ్ళీ కొత్తగా చూసింది. కాలిన ముక్కను కూడా పారెయ్యకూడదన్న పాఠం ఇందులో ఉంది.

మీ ఇంట్లో అటక మీద పాత వీసీడీలు, డీవీడీలు ఉండవచ్చు. అమ్మమ్మ ఇష్టంగా చూసిన నలుపు-తెలుపు సినిమా కావచ్చు, మీరే పసితనంలో అరిగేలా చూసిన కార్టూన్లు కావచ్చు. కిలోల లెక్కన తూకానికి వేసే ముందు ఒకసారి తీసి చూడండి. అంచులు పట్టుకుని, మెత్తని బట్టతో మధ్యనుంచి అంచుకు తుడవండి. ఎండ, తేమ తగలకుండా నిలువుగా నిలబెట్టండి. పేరు, సంవత్సరం, నిడివి ఒక నోటుపుస్తకంలో రాయండి. చాలా వాటికి మంచి ప్రతులు ఇతరచోట్ల ఉండే ఉంటాయి. కాని ఏది ఎక్కడా లేనిదో ముందుగా ఎవరు చెప్పగలరు? 'భక్త ప్రహ్లాద' ఆఖరి ప్రతిని చేతిలో పట్టుకున్నవాడికి అది ఆఖరిదని తెలిసి ఉండదు.