ఎలక్ట్రిక్ గిటారు దేహం తయారీ

ఎలక్ట్రిక్ గిటారులో మెడ, బ్రిడ్జి, పికప్‌లు అమర్చబడే చెక్క భాగాన్ని దేహం అంటారు. వాడుకలో దీనికి బాడీ అనే పేరే ఎక్కువ. బోలుగా ఉండే సాధారణ గిటారు వలె కాక, ఇది చాలావరకు నిండు చెక్కతో తయారవుతుంది. వడ్రంగం కొత్తగా నేర్చుకొనేవారు చేయదగిన వాద్యభాగాలలో ఇది ఒకటి. బయటి ఆకారంలో కొద్ది తేడా వచ్చినా వాద్యం పలుకుతుంది. కాని మెడ కూర్చునే గాడి, బ్రిడ్జి స్థానం తప్పితే ఎంత అందంగా చెక్కినా అది వాయించుటకు పనికిరాదు.

వీణతో పోలిక

విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లి కళాకారులు పనస మానును తొలిచి వీణలు చేస్తారు. వీణ కుండ లోపల ఎంత తొలిచారు, చెక్క ఎంత మందాన మిగిలింది అనేదానిపై నాదం ఆధారపడుతుంది. అది ఏళ్ళ తరబడి చేతికి అలవడవలసిన విద్య. ఎలక్ట్రిక్ గిటారులో ధ్వనిని పెంచే పని చెక్కది కాదు. అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన పికప్, పైనున్న ఉక్కు తీగ కంపించినపుడు స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది. దానిని యాంప్లిఫయరు పెద్దది చేస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే దీనికి మూలం. ఈ కారణంగానే నైలాను తీగలు ఇటువంటి గిటారుపై పలకవు.

చరిత్ర

బోలు గిటారుకు పికప్ అమర్చి శబ్దం పెంచినపుడు, ఆ శబ్దానికి పెట్టె కూడా కంపించి కీచుమనే రొద పుట్టేది. 1940 ప్రాంతంలో అమెరికా వాద్యకారుడు లెస్ పాల్ ఒక పైన్ దుంగకు తీగలు బిగించి, చూపుకు గిటారులా ఉండుటకు రెండు ప్రక్కలా బోలు రెక్కలు తగిలించాడు. 1950లో లియో ఫెండర్ సంస్థ నిండు చెక్క గిటార్లను విపణిలోకి తెచ్చింది. 1951 నుండి టెలీకాస్టర్ అని పిలువబడిన నమూనా వీటిలో ప్రసిద్ధమైనది. ఇందులో మెడను దేహానికి జిగురుతో అతికించక నాలుగు మరలతో బిగిస్తారు. కర్మాగారపు సౌలభ్యం కోసం చేసిన ఈ ఏర్పాటు కొత్తవారికి పెద్ద ఉపకారమయినది. మెట్లతో సహా సిద్ధంగా ఉన్న మెడను కొని, దేహాన్ని మాత్రం తామే చేసుకొనవచ్చును.

కలప

విదేశీ పుస్తకాలలో ఆల్డర్, యాష్, మహాగని పేర్లు కనిపిస్తాయి. మన ప్రాంతంలో వాటికై వెదకనవసరం లేదు. టెలీకాస్టర్ పరిమాణం గల దేహం సుమారు 40 సెం.మీ. పొడవు, 32 సెం.మీ. వెడల్పు, 4.5 సెం.మీ. మందం ఉంటుంది. టేకుతో చేస్తే ఇది సుమారు 3 కిలోలు తూగుతుంది. జిట్రేగి అంతకంటె బరువు, భుజానికి భారమే. గుమ్ముడు టేకు తేలికైనది, ఆకారం చెడకుండా నిలుస్తుంది, ఉలికి సులభంగా లొంగుతుంది. పనస కూడా అనుకూలమే. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి చెక్క మరీ మెత్తన, అందులో మరలు బలంగా నిలువవు. ఎర్రచందనం జోలికి పోరాదు. జపానులో వాద్యాల తయారీకి దానికి గిరాకీ ఉన్నమాట నిజమే గాని, అనుమతి లేని కొనుగోలు నేరం.

చెక్క జాతి కంటె దాని ఆరుదల ముఖ్యం. హైదరాబాదు–నాగార్జునసాగర్ రహదారిపైనున్న ఇబ్రహీంపట్నం వంటి మెట్ట ప్రాంతాలలో మే నెల గాలి మిక్కిలి పొడిగాను, ఆగస్టు గాలి తేమగాను ఉంటుంది. చెక్క పొడవులో దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పచ్చి పలకతో చేసిన దేహం వేసవి వచ్చేసరికి అతుకు వద్ద విడుతుంది, లేదా వంకర తిరుగుతుంది. దీనికి తేలికైన పరీక్ష ఉన్నది. పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి ఇంటిలో నీడన పేర్చి, వారానికొకసారి తూచాలి. బరువు తగ్గడం ఆగిపోతే చెక్క ఆ ఇంటి గాలికి సర్దుకున్నట్లు. పాత ఇళ్ళు కూల్చినపుడు దొరికే టేకు దూలాలు, ద్వారబంధాలు ఇందుకు ఎంతో మేలు. అయితే లోపల మిగిలిపోయిన మేకులను అయస్కాంతంతో వెదకి తీయనిదే రంపం పెట్టరాదు.

కొలతలు

మెడ పైకొనన తీగలు ఆనే పట్టీని నట్ అంటారు. నట్ నుండి బ్రిడ్జి వరకు గల తీగ పొడవే అన్నిటికీ ఆధారం. ఫెండర్ పద్ధతిలో ఇది 648 మి.మీ. పన్నెండవ మెట్టు సరిగ్గా సగంలో, అనగా 324 మి.మీ. వద్ద ఉంటుంది. కాబట్టి పన్నెండవ మెట్టు నుండి మరో 324 మి.మీ. కొలిచి, అన్నిటికంటె సన్నని తీగ బ్రిడ్జిపై ఆనే చోటును గుర్తించాలి. లావు తీగలకు బిరుసుదనం ఎక్కువ గనుక అవి కొన్ని మిల్లీమీటర్లు వెనుకకు జరుగవలసి ఉంటుంది. బ్రిడ్జిపై ఆ సర్దుబాటుకు వెనుకవైపు చోటు మిగలాలి. ఈ లెక్క తప్పితే ఖాళీ తీగ శ్రుతిలో ఉన్నా, మెట్లపై నొక్కినపుడు అపస్వరం పలుకుతుంది.

మెడ గాడి వెడల్పు సుమారు 56 మి.మీ., లోతు 16 మి.మీ. అయినప్పటికీ అంకెలను నమ్ముకొనక, కొన్న మెడనే కొలిచి గాడి తీయడం క్షేమం.

పని విధానం

రెండు మూడు పలకల అంచులను, వెలుతురు కూడా దూరనంతగా చిత్రిక పట్టి జిగురుతో అతికిస్తారు. టేకులో సహజమైన నూనె ఉండడం వలన, చిత్రిక పట్టిన రోజుననే అతికించాలి. క్లాంపులను ఒక రాత్రి కదపరాదు. అతికిన పలకపై మొదట గీయవలసినది ఆకారం కాదు, నడిమి గీత. తక్కిన కొలతలన్నీ దాని నుండే వస్తాయి.

ఆకారాన్ని ముందు ప్లైవుడ్‌పై కోసి నమూనా చేసుకుంటే, పొరపాటు చౌక చెక్కపైనే తేలిపోతుంది. గీతకు రెండు మూడు మి.మీ. బయటగా రంపంతో కోసి, మిగిలినది ఆకురాయితోగాని రూటరుతోగాని తీస్తారు. రూటరు వేగంగా తిరిగే యంత్రం. ఒక్కసారికి 5 మి.మీ. లోతుకు మించి దింపితే చెక్క చీలుతుంది, యంత్రం చేతినుండి ఎగిరిపడవచ్చు. కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. టేకు పొట్టు కొందరికి దురద, దగ్గు కలిగిస్తుంది. యంత్రం లేనివారు ముందుగా బరమాతో వరుస బెజ్జాలు వేసి, ఉలితో గాడిని శుభ్రం చేసుకొనవచ్చును. ఆలస్యమైనా కొత్తవారికి ఇదే మంచిది.

గాడిలో మెడ మరలు లేకుండానే బిగువుగా నిలబడాలి. అటుపై నట్ రెండు చివరల నుండి బ్రిడ్జి వరకు రెండు దారాలు లాగి, అవి మెడ అంచులకు రెండు వైపులా సమానదూరంలో ఉన్నవో లేవో చూసిన తరువాతే బ్రిడ్జికి బెజ్జాలు వేయాలి. మరలకు సబ్బు రాస్తే గట్టి చెక్కలో విరగవు. బ్రిడ్జి క్రింద నుండి ఎర్త్ తీగ పోవుటకు సన్నని దారి తొలచడం చాలామంది మరచిపోతారు. అది లేకుంటే యాంప్లిఫయరులో గుయ్యిమనే రొద హెచ్చుతుంది.

పాలిష్ చేయకముందే అన్ని భాగాలు బిగించి, తీగలు కట్టి, కొన్ని రోజులు వాయించి చూడడం ఉత్తమం. లోపం కనిపిస్తే అప్పటికి ఇంకా చెక్కను సరిచేయవచ్చును. ఆ తరువాత భాగాలను విప్పి 120, 180, 240, 320 నంబరు గరుకు కాగితాలతో వరుసగా నునుపు చేసి, లక్క పాలిష్ పలుచని పూతలుగా వేస్తారు. వానాకాలపు తేమలో లక్క పూత తెల్లబారుతుంది గనుక ఎండ కాసిన రోజు చూసుకోవాలి.