పల్చటి గాజు కథ: లైకా ఎం9 ఎందుకంత ఆలస్యమైంది?

షావోమీ ఖరీదైన ఫోన్ల వెనక, కెమెరా దగ్గర లైకా అనే పేరు చూసే ఉంటారు. ఆ జర్మన్ కంపెనీ 2009 సెప్టెంబర్ 9న, అంటే 9-9-09న, ఎం9 అనే కెమెరాని ప్రకటించింది. ప్రపంచంలో మొదటి ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ రేంజ్‌ఫైండర్ అదే. ఇవాళ దాని స్పెక్స్ చూస్తే నవ్వొస్తుంది: 18 మెగాపిక్సెల్స్, ఆటోఫోకస్ లేదు, వీడియో లేదు. నాకు మాత్రం వేరే ప్రశ్న వచ్చింది. క్యానన్ 2002లోనే ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరా తెచ్చేసింది కదా, మరి లైకాకి ఇంకో ఏడేళ్లు ఎందుకు పట్టింది?

ముందు రెండు మాటలు అర్థం చేసుకుందాం. ఫుల్‌ఫ్రేమ్ అంటే సెన్సార్ పాత ఫిల్మ్ ఫ్రేమంత ఉంటుంది, 36 బై 24 మిల్లీమీటర్లు. ఇక రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్స్‌లోంచి చూడం, పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. అందులో మధ్యభాగంలో వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. లెన్స్ రింగ్ తిప్పుతూ ఆ రెండింటినీ ఒకటిగా కలిపితే ఫోకస్ కుదిరినట్టే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్యానన్ ఎస్సెల్లార్ లోపల అద్దం ఉంటుంది. దానికి చోటు కావాలి కాబట్టి లెన్స్ మౌంట్ సెన్సార్‌కి 44 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దమే లేదు. 1954లో లైకా ఎం3తో వచ్చిన మౌంట్ దూరం 27.8 మిల్లీమీటర్లే. లెన్స్ అంత దగ్గరగా ఉంటే మూలలకి వెలుగు బాగా ఏటవాలుగా వస్తుంది. ఫిల్మ్‌కి దానితో పెద్ద ఇబ్బంది లేదు. సెన్సార్‌లో పిక్సెల్ మాత్రం బావి లాంటిది. మిట్టమధ్యాహ్నం ఎండ బావి అడుగుదాకా దిగుతుంది, సాయంత్రం ఎండ గోడ మీదే ఆగిపోతుంది. అందుకే ఫొటో మూలలు చీకటిగా వస్తాయి.

2004లో ఎప్సన్ ఆర్‌డీ1, 2006లో లైకా ఎం8 చిన్న సెన్సార్‌తో ఆ మూలల్ని తప్పించుకున్నాయి. దాంతో ఎం8 మీద 28 ఎంఎం లెన్స్ 37లా పనిచేసేది. ఇంకో తంటా కూడా వచ్చింది. సెన్సార్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు ఉంటుంది. అది మందంగా ఉంటే ఏటవాలు వెలుగుకి మూలలు మసకబారతాయని, ఎం8లో అర మిల్లీమీటరు గాజే పెట్టారు. ఇన్‌ఫ్రారెడ్ దూరిపోయి నల్లటి సింథటిక్ బట్టలు ఊదారంగులో పడ్డాయి! చివరికి కంపెనీ కొన్నవాళ్లకి రెండేసి ఫిల్టర్లు ఉచితంగా ఇచ్చింది.

ఎం9లో కొడాక్ సీసీడీ వాడారు. పిక్సెల్స్ మీదుండే మైక్రోలెన్సుల్ని అంచులవైపు కొంచెం పక్కకి జరిపారు, ఏటవాలు వెలుగు బావిలో పడేలా. ఇన్‌ఫ్రారెడ్‌ని ఇంకా గట్టిగా ఆపే 0.8 మిల్లీమీటర్ల గాజు పెట్టారు. లెన్స్ మౌంట్ మీది చుక్కల కోడ్ చదివి, మిగిలిన లోపాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేసేది. అలా 1954 నాటి లెన్సులు కూడా డిజిటల్‌లో పూర్తి వెడల్పుతో పనిచేశాయి.

కొత్త మౌంట్ చేసేస్తే పని సులువయ్యేది. కానీ అప్పటిదాకా జనం దాచుకున్న లెన్సుల గతేంటి? ఈ తిప్పలన్నీ దానికోసమే. ఖరీదు మాత్రం కట్టాల్సొచ్చింది. కొన్నేళ్లకి చాలా కెమెరాల్లో ఆ గాజే తుప్పుపట్టినట్టు పాడై ఫొటోల్లో మచ్చలు కనిపించాయి. సెన్సార్ ఉచితంగా మారుస్తామని 2014లో లైకా ప్రకటించింది. పాత లెన్స్‌ని కాపాడాలన్న ఎంపికకి ఎం8లో, ఎం9లో రెండుసార్లూ గాజే బలైంది. అయినా ఆ ఎంపిక సరైందేనని నా అభిప్రాయం. కొత్తది తెచ్చినప్పుడల్లా పాతదాన్ని చెత్తబుట్టలో వేయించడం గొప్ప ఇంజనీరింగ్ కాదు.

ఇప్పుడు మీ ఫోన్ చూడండి. సన్నగా ఉండాలి కాబట్టి లెన్స్ సెన్సార్‌కి ఇంకా దగ్గర. ఏటవాలు వెలుగు సమస్య అక్కడా ఉంది, మైక్రోలెన్సులు జరిపే ఉపాయం అక్కడా వాడతారు. మీ ఫొటో మూలలు చీకటిగా లేవంటే కారణం అదీ, పైన సాఫ్ట్‌వేరూ.

మీ ఇంట్లో పాత ఫిల్మ్ కెమెరా ఉంటే దాని పేరు కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!