టైర్లలో నత్రజని

టైర్లలో నత్రజని నింపడం అనగా కార్లు మొదలైన వాహనాల టైర్లలో మామూలు గాలికి బదులుగా సుమారు 95 శాతం శుద్ధత గల నత్రజని వాయువును నింపే పద్ధతి. విమానాల టైర్లలోను, పందెపు కార్లలోను ఈ పద్ధతి చాలాకాలంగా ఉన్నది. తరువాత ఇది సాధారణ కార్లకు కూడా వ్యాపించింది. హైదరాబాదులో పలు పెట్రోలు బంకులలో, టైర్ల దుకాణాలలో ఈ సౌకర్యం కలదు. నత్రజని నింపిన టైరును గుర్తించడానికి వాల్వుకు సాధారణంగా ఆకుపచ్చ మూత బిగిస్తారు.

పాతబస్తీలోని జహనుమా, ఫలక్‌నుమా వంటి ప్రాంతాలలో వాహనదారులు ఎక్కువగా ఆధారపడేది వీధి పక్కనుండే పంక్చరు దుకాణాల మీదనే. ఇక్కడి ఉర్దూ వాడుకలో గాలిని "హవా" అంటారు. చిన్న కంప్రెసరుతో నింపే ఈ హవాకు, రుసుము తీసుకొని నింపే నత్రజనికి నిజంగా ఎంత భేదం ఉన్నదన్నది చాలామందికి కలిగే సందేహం.

గాలిలోనే నత్రజని

మనం పీల్చే గాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ఆమ్లజని ఉంటాయి. మిగిలిన దానిలో అధిక భాగం ఆర్గాన్. కనుక మామూలు గాలి నింపిన టైరులో కూడా మూడు వంతులకు పైగా ఉన్నది నత్రజనియే. దుకాణాలలోని యంత్రాలు చుట్టూ ఉన్న గాలినే పీల్చి, వడపోసి, ఆమ్లజనిని, తేమను చాలావరకు తొలగిస్తాయి.

ఒకసారి నింపినంత మాత్రాన టైరులో 95 శాతం నత్రజని ఉండదు. గాలి మొత్తం తీసివేసినా, బయటి వాతావరణంతో సమానమైన పీడనంలో కొంత గాలి టైరులో మిగిలే ఉంటుంది. వాతావరణ పీడనం సుమారు 14.7 పీఎస్‌ఐ. టైరును 32 పీఎస్‌ఐకి నింపినప్పుడు లోపలి మొత్తం పీడనం 46.7 అవుతుంది. అందులో దాదాపు మూడో వంతు పాత గాలియే. లెక్క వేస్తే ఆమ్లజని సుమారు 10 శాతం మిగులుతుంది. మరల ఖాళీ చేసి నింపితే ఇది 7 శాతం లోపునకు తగ్గుతుంది. ఒకేసారి నింపి పంపే దుకాణాలలో వినియోగదారునికి లభించేది సుమారు 90 శాతం నత్రజని మాత్రమే.

ప్రయోజనాలు

రబ్బరు గుండా నత్రజని కంటె ఆమ్లజని త్వరగా బయటకు పోతుంది. అందువలన నత్రజని నింపిన టైరులో పీడనం కొంత నెమ్మదిగా తగ్గుతుంది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 31 రకాల టైర్లను 30 పీఎస్‌ఐకి నింపి ఒక సంవత్సరం పాటు ఆరుబయట ఉంచి పరీక్షించింది. 2007లో వెల్లడించిన ఫలితాల ప్రకారం గాలి నింపినవి సగటున 3.5 పీఎస్‌ఐ, నత్రజని నింపినవి 2.2 పీఎస్‌ఐ కోల్పోయాయి. అనగా సంవత్సరానికి భేదం 1.3 పీఎస్‌ఐ. నత్రజని వాడినా పీడనం తగ్గక మానదు, తనిఖీ తప్పదు.

తేమ విషయం ఇంతకంటె ముఖ్యమైనది. కంప్రెసరు ట్యాంకు అడుగున చేరే నీటిని ఎప్పటికప్పుడు వదలకపోతే, ముఖ్యంగా వానాకాలంలో, ఆ తేమ గాలితో పాటు టైరులోకి చేరి ఇనుప రిమ్ములకు తుప్పు పట్టిస్తుంది. నత్రజని పొడిగా ఉంటుంది. అయితే శ్రద్ధగా నీరు వదిలే దుకాణపు గాలితో కూడా ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

వేడి గురించిన అపోహ

నత్రజని నింపితే ఎండలో టైరు పీడనం పెరగదని ఒక ప్రచారం ఉన్నది. ఇది సరి కాదు. పొడి గాలి అయినా, నత్రజని అయినా ఉష్ణోగ్రతతో పాటు దాదాపు ఒకే విధంగా వ్యాకోచిస్తాయి. 25 డిగ్రీల వద్ద 33 పీఎస్‌ఐ ఉన్న టైరు ప్రయాణంలో 55 డిగ్రీలకు వేడెక్కితే, లోపల ఏ వాయువు ఉన్నా పీడనం సుమారు 5 పీఎస్‌ఐ పెరుగుతుంది. హైదరాబాదు వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. వేగంగా వెళ్ళే రహదారులపై టైరు పేలడానికి ఒక ప్రధాన కారణం పీడనం తక్కువగా ఉండడం. అట్టి టైరు ఎక్కువగా నలిగి, విపరీతంగా వేడెక్కుతుంది. లోపల నత్రజని ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం తొలగిపోదు.

విమానాలలో

1986 మార్చి 31న మెక్సికానా సంస్థకు చెందిన బోయింగ్ 727 విమానం మెక్సికోలో కూలి, అందులోని 167 మందీ మరణించారు. వేడెక్కిన బ్రేకు వలన, నత్రజనికి బదులు గాలి నింపిన టైరు పేలి, ఇంధన, హైడ్రాలిక్ గొట్టాలను తెంపివేసింది. మిక్కిలి వేడి వద్ద రబ్బరు నుండి వెలువడే ఆవిరులు ఆమ్లజనితో కలిసి మండగలవు. 1987లో అమెరికా విమానయాన శాఖ పెద్ద విమానాల బ్రేకు చక్రాల టైర్లలో ఆమ్లజని 5 శాతం మించరాదని ఆదేశించింది. రోడ్డు మీద తిరిగే కార్ల బ్రేకులు సాధారణంగా అంతటి వేడికి చేరవు.

వాడుకలో జాగ్రత్తలు

నత్రజని ఉన్న టైరులో మామూలు గాలి కలిపినా హాని లేదు. శుద్ధత కొంత తగ్గుతుంది, అంతే. నత్రజని కోసం వెదుకుతూ తక్కువ పీడనంతోనే బండి నడపడం మాత్రం ప్రమాదకరం. దగ్గరలోని పంక్చరు దుకాణంలో వెంటనే గాలి కొట్టించుకొనుట మేలు. పీడనాన్ని టైరు చల్లగా ఉన్నప్పుడు, అనగా ఉదయం బండి తీయక ముందు చూడాలి. ఎంత ఉండాలన్నది సాధారణంగా డ్రైవరు తలుపు దగ్గరి చీటీపై ముద్రించి ఉంటుంది. స్టెప్నీని మరచిపోవడం మామూలే కనుక దానిని కూడా తనిఖీ చేయించాలి.

నత్రజని విషవాయువు కాదు. కాని గాలి ఆడని చిన్న గదిలో సిలిండరు కారితే ఆమ్లజని తగ్గి, రంగు, వాసన ఏమీ తెలియకుండానే పనివారు స్పృహ తప్పే ప్రమాదం ఉన్నది. అందుచేత సిలిండర్లను తలుపులు, కిటికీలు తెరచి ఉన్న చోటనే ఉంచాలి.