ఇచ్చిపుచ్చుకొను ఇండ్లు: పావగడ సీమలో యాత్రయు, ఆతిథ్యమును

దేశపటమును విప్పి చూచువారికి పావగడ తాలూకా ఒక వింతగా గోచరించును. ఇది కర్ణాటకమున తుమకూరు జిల్లాకు చెందినది. కాని మూడు ప్రక్కల ఆంధ్రదేశపు పల్లెలే దీనిని చుట్టుకొని యున్నవి. మడకశిర, పెనుగొండ, కళ్యాణదుర్గము సీమలవారు మనకు పొరుగువారు మాత్రమే కారు; వియ్యాలవారు, మేనమామలు, ఆడపడుచులు. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట పావగడ మైసూరు ప్రభువుల పాలనలో నిలిచెను. ఆ మరుసటి యేడు నిజాము విడిచిన దత్తమండలములు కుంఫిణీవారి వశమాయెను. సరిహద్దు ఆనాడు చుట్టరికముల నడుమ గీయబడినది. 1956లో రాష్ట్రములు భాషను బట్టి ఏర్పడినను ఆ గీత చెరగలేదు. గీత చెరగకున్నను రాకపోకలు నిలువలేదు. దీనికి కారణమేమని విచారించినచో, సరిహద్దునకు ఇరువైపుల ఉన్న ఇండ్లే కారణమని చెప్పవలసి యుండును.

నాగలమడికెలో సుబ్రహ్మణ్యస్వామి రథోత్సవమునకు వచ్చు బంధువులకు మన పెద్దలు బసను వెదకిపెట్టెడివారు కారు. వచ్చినవారు నేరుగ ఇంటికి వచ్చెడివారు. వసారాలో చాపలు పరచుకొనెడివారు, బావి వద్ద కాళ్లు కడుగుకొనెడివారు, రాగిసంకటి తిని రథము చూడబోయెడివారు. వారి ఊరి జాతరకు మనవారు బండి కట్టించుకొని పోయెడివారు. ఇందులో రూకల ప్రసక్తి లేదు, వ్రాతకోతలును లేవు. కాని లెక్క మాత్రము లేకపోలేదు. ఎవరింట ఎన్ని మారులు ఉంటిమో, వారు మన యింటికి ఎన్నడు వచ్చిరో ఇంటి పెద్దమ్మకు కంఠోపాఠముగ నుండెడిది. బీదవారును లోకము చూచుటకు మన సీమలో గల ఉపాయము ఇది యొక్కటియే.

బంధువులు లేని చోటికి పోవలసి వచ్చినపుడు ఏమి చేసెడివారు? ఇంటికన్న గుడి పదిలమని సామెత పుట్టినది అట్టి వేళనే కాబోలు. గుడి మండపములు, మఠములు, సత్రములు బాటసారులకు నీడ నిచ్చినవి. 1261లో కాకతి రుద్రమదేవి విశ్వేశ్వరశంభువునకు ఇచ్చిన దానమును తెలుపు మల్కాపుర శాసనము గుంటూరు మండలమున నున్నది. అందు మఠముతోపాటు అన్నసత్రము, వైద్యశాల, ప్రసూతిశాల పేర్కొనబడినవి. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారికందరికి అన్నము పెట్టవలెనని ఆ శాసనము విధించినది. మన జిల్లాలోని గుబ్బిలో 1838లో జన్మించిన తోటదప్పగారు బెంగుళూరు రైలు స్టేషనుకు ఎదుట కట్టించిన ధర్మసత్రము 1903లో తెరువబడెను. యాత్రికులకేగాక పల్లెలనుండి చదువునకు వచ్చిన బాలురకును అది ఆశ్రయమాయెను. కోనసీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) తన యింటినే బాటసారుల సత్రముగ చేసికొనిరి.

దూరయాత్రల కష్టము తెలియగోరువారు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రా చరిత్రను చదువవలెను. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగా నుండిన ఈయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిరి. దారిపొడవున ఏ మజిలీలో దిగుటకు వసతి యున్నది, ఎక్కడ సరకులు దొరకును అను సంగతులను శ్రద్ధతో వ్రాసికొనిరి. గొప్ప పరివారముతో పోయిన ఆయనకే బస యొక్క చింత తప్పలేదనిన, చేతిలో రొక్కము లేని గృహస్థు మాట వేరుగ చెప్పనేల? యాత్రకు దారిఖర్చు ఒక పాలు, బసఖర్చు రెండు పాళ్లు అను అనుభవము నేటికిని మారలేదు.

పడమటి దేశములలో ఈ చిక్కునకు ఒక పరిష్కారము కనుగొనబడినది. 1953లో ఐరోపాలోని కొందరు ఉపాధ్యాయులు ఇంటర్‌వాక్ అను సంస్థను నెలకొల్పిరి. ఉపాధ్యాయులకు వేసవిలో దీర్ఘమైన సెలవులున్నవి, జీతములు మాత్రము స్వల్పము. సెలవులలో ఇల్లు ఊరక తాళము వేయబడియుండును. కనుక ఒక దేశపు కుటుంబము మరియొక దేశపు కుటుంబముతో ఉత్తరములు నడిపి, కొన్ని వారములు ఒకరి యింట నొకరు కాపురముండునట్లు ఏర్పాటు చేసికొనెను. అద్దె లేదు, పూటకూటి ఖర్చు లేదు. అంతకు పూర్వమే 1949లో డెన్మార్కున సెర్వాస్ అను ఉద్యమము ఆరంభమైనది. దేశదేశముల యాత్రికులను ఇండ్లలో అతిథులుగ చేర్చుకొనినచో యుద్ధవైరములు శమించునని దాని ఆశయము. 1992 తరువాత ఈ గృహవినిమయము అమెరికాలో పెద్ద వ్యవహారమై, ఇంటర్నెట్టు వచ్చిన పిదప ప్రపంచమంతట వ్యాపించినది.

మనమిది విని, మా తాతల నాడే మాకున్నదని మీసము దువ్వుట తగదు. మన ఆతిథ్యమునకు రెండు కొరతలుండెను. మొదటిది, అది కులమును బట్టి నడచెను. ఏ సత్రమున ఎవరికి చోటు, ఎవరికి అరుగు, ఎవరికి వాకిలి బయటి చెట్టునీడ అను భేదము ఊరూర నుండెను. మల్కాపుర శాసనము చెప్పిన మాటను తరువాతి తరములు నిలుపుకొనలేదు. రెండవది మరింత లోతైనది. అతిథికి తిథినియమము లేదందుము. కాని అతడు వచ్చిన క్షణము మొదలు పొయ్యి వద్ద నిలిచినది ఎవరు? జాతరకు పదిమంది వచ్చిన యింట ఇల్లాలు రథము చూచుట అరుదు. మా అవ్వ నాగలమడికెకు కూతవేటు దూరమున కాపురముండియు, కోడళ్లు వచ్చువరకు రథోత్సవము చూచియెరుగనని చెప్పెడిది. ఊరందరికి యాత్ర, ఆమెకు వంట. దీనిని ఆమె నిష్ఠురముగ చెప్పలేదు. అందుచేతనే నాకు అది మరపునకు రాదు.

గృహవినిమయమున గల విశేషమిదియే. ఇల్లు ఇచ్చినవారు ఇంట నుండరు. వారును యాత్రకు పోయియుందురు. వచ్చినవారు తమ వంట తామే చేసికొందురు. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని సమానగౌరవము. ఇల్లాలికి గడప దాటు వేళ దొరకును. తాళపుచెవి చేతులు మారుట వలన ఖర్చు తగ్గుట ఒక లాభమైన, ఇది రెండవ లాభము. నా దృష్టిలో ఇదియే పెద్దది.

నేడు పావగడ పల్లెలలో తాళము పడిన ఇండ్లు కానవచ్చుచున్నవి. వానలు చాలని నేల. పిల్లలు బెంగుళూరున ఉద్యోగములలో నున్నారు. తిరుమణి, వళ్లూరు ప్రాంతముల రైతులు సుమారు 13,000 ఎకరములను సౌరవిద్యుత్కేంద్రమునకు దీర్ఘకాలపు కౌలుకిచ్చిరి. 2,050 మెగావాట్ల ఆ కేంద్రమును చూచుటకు దూరదేశీయులు వచ్చుచున్నారు. నిడుగల్లు దుర్గమున్నది, పావగడ కోట యున్నది, శనీశ్వరుని దర్శనమునకు వచ్చు భక్తులున్నారు. ఇచ్చట ఇండ్లు ఖాళీగనున్నవి. బెంగుళూరున మన బిడ్డల ఇండ్లు పండుగ సెలవులలో ఖాళీగనుండును. సముద్రము చూడని మన రైతు కుటుంబమునకు విశాఖపట్టణమున ఒక వారము ఉండవలెనని కోరిక యుండవచ్చును. అచ్చటి తెలుగు కుటుంబమునకు తెలుగును కన్నడమును కలిసి పలుకు ఈ గట్ల సీమను చూడవలెనని యుండవచ్చును. ఉభయులకు కావలసినది నమ్మకము. నమ్మకమునకు మధ్యవర్తి కావలెను.

ఆ పని తెలుగు సంఘములు చేయదగినది. పెద్ద కార్యాలయము అక్కరలేదు. ఇల్లు ఇచ్చుటకు ఇష్టపడు సభ్యుల పేర్లు గల పుస్తకము ఒకటి, ఊరికొక పెద్దమనిషి, కొన్ని నియమములు చాలును. తేదీలు ముందుగ నిశ్చయించుకొనవలెను. విలువగల వస్తువులు ఒక గదిలో పెట్టి తాళము వేయవలెను. నీటి వాడుక, వంటయింటి ఆచారము, తులసికోటకు నీళ్లు పోయుట మొదలైనవి కాగితముపై వ్రాసి యుంచవలెను. తాళపుచెవి పొరుగింటివారి వద్ద నుండవలెను. కులమేదని అడుగరాదు, ఈ యొక్క నియమము మిగిలినవానికంటె ముందు వ్రాయవలెను.

సరిహద్దులు గీచినవారు మన ఇండ్లను అడిగి గీయలేదు. ఆ గీతను దాటి రెండు వందల యేండ్లకు పైగా మన బంధుత్వములు నిలిచినవి. బంధువులకు తెరచిన వాకిలిని ఎరుగనివారికిని తెరచుట ఇక మన తరము చేయవలసిన పని. ఆ వాకిలి తెరచునపుడు మా అవ్వవంటి ఇల్లాలు పొయ్యి వద్ద గాక, ప్రయాణపు సంచి చేతబట్టి బయలుదేరుచుండవలెనని నా కోరిక.