ఈగ చెప్పిన లెక్క

పొలంలో చల్లే విషాన్ని మన రైతు ‘మందు’ అంటాడు. ఆ మందు కాయలో ఎంత మిగిలిందన్న ప్రశ్నకు తొలినాళ్లలో జవాబు చెప్పింది యంత్రం కాదు, ఈగ.

అంతకుముందు ఆపిల్ తోటల్లో సీసపు ఆర్సెనేట్ చల్లేవారు. ఆర్సెనిక్ మూలకం కాబట్టి పండును కాల్చి బూడిద చేసినా, యాసిడ్‌లో ఉడికించినా అది ఆర్సెనిక్‌గానే దొరుకుతుంది. పాత రసాయన పరీక్షలే సరిపోయేవి. డీడీటీ అలా కాదు, కాలిస్తే డీడీటీగా మిగలదు. 1939లో పాల్ ముల్లర్ దాని కీటకనాశక గుణం కనిపెట్టాక, రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి అది పొలాలకు చేరింది. పరీక్షకులు కూరగాయల నుంచి ద్రావకంతో సారం తీసి, గాజు సీసా లోపల పూతలా ఆరనిచ్చి, లెక్కపెట్టి ఈగల్ని వదిలేవారు. ఎన్ని చచ్చాయో చూసి, తెలిసిన మోతాదుకు చచ్చినవాటితో పోల్చేవారు. నవ్వొస్తుంది గానీ, మిగిలినది ఇంకా చంపగలదా లేదా అన్నది సూటిగా తేల్చిన పరీక్ష అది. చంపిన మందు పేరు మాత్రం ఈగ చెప్పలేదు. 1945లో షెక్టర్, హాలర్ బృందం డీడీటీని నీలిరంగుగా మార్చి కొలిచే పద్ధతి తెచ్చింది.

అసలు మలుపు 1957. ఇంగ్లండ్‌లో జేమ్స్ లవ్‌లాక్ ఎలక్ట్రాన్ కాప్చర్ డిటెక్టర్ తయారుచేశాడు. డీడీటీలా క్లోరిన్ ఉన్న అణువులు ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటాయి. విద్యుత్ ప్రవాహం ఎంత తగ్గితే మందు అంత ఉన్నట్టు. మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీకి దాన్ని జోడించాక, గ్రాములో లక్షకోట్లో వంతు లెక్కలో ఉన్న జాడలూ బయటపడసాగాయి.

ఆ మరుసటి ఏడాదే, 1958లో, కేరళలో పారథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఈగ చేయాల్సిన పరీక్ష మనుషుల మీద జరిగిపోయింది. పురుగుమందుల చట్టం రావడానికి 1968 దాకా పట్టింది.

ఈలోగా అమెరికాలో మరో చిక్కు. కొన్ని మందులకు ‘అవశేషం సున్నా’ అన్న షరతు మీద అనుమతులుండేవి. పరికరం చూపు పదునెక్కేకొద్దీ నిన్నటి సున్నా ఇవాళ అంకె అయింది. 1965లో శాస్త్రవేత్తల సంఘం ఆ సున్నానే వదిలేయమంది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా నిజాయతీ గల సలహా అదే.

మందును పరికరంతో చూడటం కన్నా నమూనా నుంచి బయటకు లాగడం కష్టం. ద్రావకాలు లీటర్లకొద్దీ ఖర్చయ్యేవి. 2003లో అనస్టాసియాడెస్, లెహోటే ప్రచురించిన ‘కెచర్స్’ పద్ధతికి 10 గ్రాముల నమూనా, 10 మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్, కాస్త మెగ్నీషియం సల్ఫేట్, ఉప్పు చాలు. కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పొడితో శుభ్రంచేస్తే సారం సిద్ధం. టమాటాకు సులువే, గుంటూరు ఎండుమిర్చి మాత్రం ఏడిపిస్తుంది. దాని రంగు, నూనె సారంతోపాటే వచ్చి పరికరాన్ని తికమకపెడతాయి. పైగా కాయ ఎండి నీరు పోయినకొద్దీ మిగిలిన మందు చిక్కనవుతుంది. ప్రత్యేక పరిమితి లేని మందుకు యూరప్ పెట్టే హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాములు. అంటే పది టన్నుల లారీ లోడుకి గ్రాములో పదో వంతు.

నేల సంగతి ఇంకా మొండి. మందులో కొంత భాగం బంకమట్టికి, కుళ్లిన ఆకుల సారానికి గట్టిగా అతుక్కుపోతుంది. రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తుపెట్టిన మందు వేసి చూస్తే, ద్రావకానికి లొంగని ఆ వాటా మట్టిలోనే కనిపించింది. మామూలు పరీక్ష ఆ మట్టికి ‘లేదు’ అని రాసినప్పుడు దానర్థం బయటికి రాలేదని మాత్రమే.