బొమ్మకు బదులు మాట

1993లో మొజాయిక్ బ్రౌజర్ వచ్చేదాకా వెబ్ పేజీ అంటే దాదాపు అక్షరాలే. చూపు లేనివారికి అక్షరాలతో పేచీ లేదు. స్క్రీన్ రీడర్ వాటిని చదివి వినిపిస్తుంది. అక్షరాల సరసన బొమ్మలు చేరాకే చిక్కు వచ్చింది. బొమ్మకు బదులుగా చదవడానికి ఒక వివరణ రాసే వీలు ‘ఆల్ట్’ పేరుతో వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో, 1995 నాటి 2.0 రూపంలోనే ఉంది. 1997లో 4.0 దాన్ని తప్పనిసరి చేసింది. అయితే అది రాయకపోయినా పేజీ చక్కగా తెరుచుకునేది. ఇక పట్టించుకునేదెవరు?

పట్టించుకోక తప్పని పరిస్థితి సిడ్నీ ఒలింపిక్స్‌తో వచ్చింది. బ్రెయిలీ డిస్‌ప్లేతో కంప్యూటర్ వాడే బ్రూస్ మాగ్వైర్, 1999 జూన్‌లో నిర్వాహక కమిటీ మీద ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. ఒలింపిక్స్ సైట్‌లో బొమ్మలకూ, బొమ్మల్లోని లింకులకూ ఆల్ట్ లేదు. షెడ్యూల్ పేజీ నుంచి క్రీడల జాబితాకు దారి లేదు. ఫలితాల పట్టికలు చదవడానికి వీలుగా లేవు. పట్టికల నమూనాలే 1,295 ఉన్నాయనీ, సరిచేయాలంటే ఒక మనిషికి 368 రోజులు పడుతుందనీ కమిటీ వాదించింది. ఒక అనుభవజ్ఞుడు, అయిదు నుంచి పది మంది సహాయకులు ఉంటే నాలుగు వారాలు చాలన్నారు ఎదుటిపక్షం నిపుణులు. మొదట్లోనే రాసి ఉంటే ఈ లెక్కల గొడవే ఉండేది కాదు. 2000 ఆగస్టు 24న కమిషన్ ఇది వివక్షేనని తేల్చి, క్రీడలు మొదలయ్యే సెప్టెంబరు 15కల్లా సరిచేయమంది. కమిటీ పూర్తిగా సరిచేయలేదు. నవంబరులో 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం పడింది.

ఆ రోజుల్లోనే తెలుగు సైట్లకు ఇంకో చిక్కు ఉండేది. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, చాలా పత్రికలు సొంత ఫాంట్లతో నడిచేవి. తెర మీద కనిపించేది తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. బొమ్మ ఒక్కటీ లేని వార్త కూడా స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని గోలగానే అందేది. యూనికోడ్‌కు మారాకే ఈ బాధ తీరింది.

ఆల్ట్ చిక్కు మాత్రం తీరలేదు. 2019లో అమెరికా సంస్థ వెబ్‌ఎయిమ్ పది లక్షల హోమ్‌పేజీలను పరీక్షిస్తే 97.8 శాతంలో వికలాంగుల వాడకానికి అడ్డుపడే లోపాలు దొరికాయి. వెలవెలబోయే రంగుల్లోని అక్షరాలది మొదటి స్థానం, ఆల్ట్ లేని బొమ్మలది రెండోది. ఖాళీ లింకులూ, ఏం నింపాలో పేరు రాయని ఫారం గడులూ ఆ తర్వాత వచ్చాయి.